అరిగిన అలెన్ బోల్టు: ఏ పద్ధతి పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ

నమస్తే అండీ. సైకిల్ స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను పట్టి ఉంచే భాగం) బోల్టు విప్పుదామని అలెన్ కీ, అదే ఆరు మూలల ఎల్ ఆకారపు కీ పెట్టారు. కాస్త బలం పెట్టగానే టక్కున జారి, కీ ఉత్తినే తిరిగింది. అక్కడే ఆపేయండి. ఇంకొంచెం గట్టిగా నొక్కి చూద్దాం అని తిప్పిన ప్రతిసారీ లోపలి మూలలు ఇంకా అరుగుతాయి. మొదటిసారి జారినప్పుడే ఆపితే ఐదు నిమిషాల్లో వచ్చే బోల్టు, పదిసార్లు తిప్పాక డ్రిల్లు దాకా తెస్తుంది.

ఇలాంటి బోల్టు తీయడానికి అందరూ చెప్పే పద్ధతులు ఒక్కొక్కటే చూద్దాం. రబ్బరు బ్యాండు, గ్రైండింగ్ పేస్టు, నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్టు, ఎక్స్‌ట్రాక్టర్ సెట్టు, డ్రిల్లు. ఒకటి ముందే చెప్పేస్తాను. సైకిల్లో ఎక్కువగా ఉండే ఎం5 బోల్టుల (మర వ్యాసం 5 మిల్లీమీటర్లు ఉండేవి) కోసం ఎక్స్‌ట్రాక్టర్ సెట్టు కొనకండి. ఎందుకో కాసేపట్లో చూపిస్తాను.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ రెండు తలలూ చూడండి. ఎడమ వైపుది కొత్తది, ఆరు మూలలూ పదునుగా ఉన్నాయి. కుడి వైపుది అరిగింది. పై అంచు గుండ్రంగా అయిపోయింది కదా? కానీ లైటు వేసి అడుగున చూడండి, అక్కడ మూలలు ఇంకా మిగిలే ఉన్నాయి. అంటే కీ కింది దాకా దిగకుండానే తిప్పారన్నమాట. ఎం5 బోల్టు తలలో గుంత లోతు సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. అందులో ఒక మిల్లీమీటరు మట్టి పేరుకుంటే కీకి పట్టు చాలా వరకు పోయినట్టే. బాల్ ఎండ్ వైపుతో ఏటవాలుగా విప్పినా ఇదే గతి. ఆ గుండ్రని కొన వదులైన బోల్టును చకచకా తిప్పడానికే. బిగుసుకున్నదాన్ని కదిలించడానికి ఎప్పుడూ పొట్టి వైపు తిన్నని కొనే వాడాలి.

కాబట్టి మొదటి పని శుభ్రం చేయడం. పిన్నుతోనో సన్నని మేకుతోనో గుంతలో మట్టి మొత్తం గీకి తీయండి. తర్వాత మీ అలెన్ కీ కొన చూడండి. మూలలు అరిగి మెరుస్తుంటే గ్రైండరు మీద కొన నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు అడ్డంగా కోసేయండి. మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ కోయాలి, వేడికి నీలం రంగు తిరిగిందంటే ఉక్కు మెత్తబడిపోతుంది. ఇలా కోసిన కీకి పదునైన మూలలు తిరిగొస్తాయి. కొన చదునుగా ఉంటుంది కాబట్టి గుంత అడుగున మిగిలిన మూలలనూ పట్టుకుంటుంది. పైసా ఖర్చు లేని పద్ధతి ఇది, అప్పుడే మొదలైన అరుగుదలకి చాలాసార్లు ఇదే సరిపోతుంది.

దీనికి తోడు వాల్వ్ గ్రైండింగ్ పేస్టు. ఆటో స్పేర్ పార్టుల షాపుల్లో చిన్న డబ్బా దొరుకుతుంది. గరుకు రేణువులు ఉండే పేస్టు అది. కీ కొనకి బఠాణీ గింజంత రాస్తే జారడం తగ్గుతుంది. కొద్దిగా అరిగినదానికి బాగుంటుంది, పూర్తిగా గుండ్రమైతే లాభం లేదు. ఇక రబ్బరు బ్యాండు. ప్లస్ తల ఉన్న చిన్న స్క్రూలకి ఎప్పుడైనా పనికొస్తుందేమో కానీ అలెన్ బోల్టుకి వద్దు. ఆ రబ్బరు మందం వల్ల కీ ఇంకా పైకి లేచి, ఉన్న కాస్త పట్టూ పోతుంది.

ఇప్పుడు అసలైన పద్ధతి. అరిగిన గుంత కంటే కొంచెం పెద్ద టార్క్స్ బిట్టును సుత్తితో కొట్టి దించడం. సైజులు రాసుకోండి, టీ అంటే టార్క్స్ సైజు. 2.5 ఎంఎం కీ పట్టే గుంతకి టీ10, 3 ఎంఎం కి టీ15, 4 ఎంఎం కి టీ25, 5 ఎంఎం కి టీ30. టీ25 బిట్టు పళ్ల మీదుగా కొలిస్తే దాదాపు 4.4 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 ఎంఎం గుంత అరిగి గుండ్రమయ్యాక ఆ పళ్లు గోడల్లో తమ దారి తామే కోసుకుంటూ దిగుతాయి. విడి బిట్టే వాడండి, పిడి ఉన్న స్క్రూడ్రైవర్ వద్దు. బిట్టు పాడైనా నష్టం తక్కువ.

కొట్టే ముందు బోల్టు వెనక మరలు కనిపిస్తే అక్కడ తుప్పు వదిలించే నూనె వేసి పావుగంటైనా ఆగండి. పక్క బోల్టులు ముందే విప్పేయకండి, ఇది చాలామంది చేసే తప్పు. పక్కవి వదిలేస్తే బిగింపు భారమంతా ఈ పాడైన బోల్టు మీదే పడి ఇంకా మొండికేస్తుంది. బిట్టును నిటారుగా నిలబెట్టి పావు కిలో సుత్తితో నాలుగైదు దెబ్బలు వేయండి. మొదట్లో మెత్తగా వినిపించే చప్పుడు, బిట్టు అడుగుకి తగలగానే ఖణేల్‌మని మారుతుంది. అప్పుడు ఆపాలి. ఈ దెబ్బలకి మరల్లో తుప్పు కూడా కదులుతుంది. రాచెట్ (బిట్టును తిప్పే పిడి) తగిలించి, ఒక చేత్తో లోపలికి నొక్కుతూ, కుదుపు లేకుండా నెమ్మదిగా తిప్పండి. హ్యాండిల్‌బార్ కార్బన్‌దైతే మాత్రం దాని మీద సుత్తి వాడకండి, సరాసరి డ్రిల్లుకి వెళ్లండి.

అల్యూమినియం స్టెమ్‌లో ఉక్కు బోల్టు బిగుసుకోవడానికి పెద్ద కారణం ఉప్పు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలి చాలు. ఇంట్లో ట్రైనర్ మీద తొక్కేవాళ్ల చెమట కూడా సరిగ్గా స్టెమ్ మీదే కారుతుంది. మరల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి హీట్ గన్‌తో స్టెమ్‌ను వేడి చేస్తే పట్టు సడలుతుంది. దగ్గర్లో కార్బన్ భాగం ఏదున్నా వేడి జోలికి పోవద్దు.

ఇక ఎక్స్‌ట్రాక్టర్. బోల్టులో సన్నని రంధ్రం చేసి, ఎడమకి మరలున్న ఈ గట్టి ఉక్కు మేకును అందులో తిప్పాలి. ఎం8, అంతకంటే పెద్ద బోల్టులకి మంచి పనిముట్టే. ఎం5 కి సరిపోయేది చాలా సన్నగా ఉంటుంది, పెళుసు కూడా. లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కోయలేదు. ఐదు నిమిషాల పని కాస్తా పార్టు మొత్తం మార్చే పనవుతుంది.

దానికంటే తల కోసేయడం నయం. బోల్టు గట్టిగా ఉండేది తలకీ మరలకీ మధ్య లాగుడు వల్ల. తల ఊడితే ఆ లాగుడు పోతుంది. కోబాల్ట్ డ్రిల్లు బిట్టు, 5 ఎంఎం ది తీసుకోండి. కొన నుంచి 5 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టండి, ఎం5 సిలిండర్ తల ఎత్తు అంతే. గుంత ముందే ఉంది కాబట్టి బిట్టు దానంతటదే మధ్యలో కుదురుతుంది. వేగం తక్కువ, ఒత్తిడి నిలకడగా, చుక్క చుక్క నూనె. వేగంగా తిప్పితే, ముఖ్యంగా స్టెయిన్‌లెస్ బోల్టు, రాపిడికి ఇంకా గట్టిపడిపోతుంది. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. రజను హెడ్‌సెట్‌లో (స్టెమ్ కింద హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో) పడకుండా గుడ్డ కప్పండి. చూస్తున్నారుగా... తల ఉంగరంలా బిట్టుకి చుట్టుకుని వచ్చేసింది. ఇప్పుడు పక్క బోల్టులు విప్పి, హ్యాండిల్‌బార్‌ను నొక్కి పట్టే స్టెమ్ ముందు ప్లేటు తీస్తే బోల్టు ఒళ్లు బయటికి కనిపిస్తుంది, ప్లయర్‌తో పట్టి తిప్పితే వచ్చేస్తుంది.

డిస్క్ రోటర్ (డిస్క్ బ్రేకులో చక్రంతో పాటు తిరిగే పళ్లెం) బోల్టులు వేరే కథ. అవి టీ25 తలలు, ఒక్కో రోటర్‌కి ఆరు. 4 ఎంఎం అలెన్ కీ దూర్చి పాడు చేసేవాళ్లు చాలామంది. వాటి మరల మీద నీలం థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఉంటుంది కాబట్టి నూనె ఉపయోగపడదు. పైగా రోటర్ మీద పడితే ప్యాడ్లకి అంటి బ్రేకు పట్టదు. చక్రం విప్పేసి, సోల్డరింగ్ ఐరన్ కొనను బోల్టు తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించండి. లాకర్ మెత్తబడగానే కొత్త టీ25 బిట్టు కొట్టి తిప్పండి. అదీ జారితే తల మీద రోటరీ టూల్‌తో గాడి కోసి, వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో విప్పాలి. రోటర్‌కి గీత పడితే అది మార్చాల్సిందే, బ్రేకు దగ్గర రాజీ వద్దు.

షూ కింద పెడల్‌కి తగులుకునే క్లీట్ బోల్టులకి కూడా టీ25 పద్ధతే. నడిచి నడిచి తల మరీ పలచబడితే డ్రిల్లే.

కొత్త బోల్టు కొనేటప్పుడు ఎం5, 0.8 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) అని అడగండి. పొడవు తల కింది నుంచి కొలవాలి. గుండ్రటి బటన్ తలది తీసుకోకండి, దానికి 3 ఎంఎం కీయే పడుతుంది, ఇంకా త్వరగా అరుగుతుంది. స్టెమ్‌లో మరలకి పలచగా గ్రీజు రాసి, నాలుగింటినీ ఐమూలగా, ఎదురెదురు మూలలవి మార్చి మార్చి బిగించండి. ఎంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు. అంటే కీని బోల్టు నుంచి పది సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఐదు కిలోల బరువంత ఒత్తిడి, అంతే.