ముందు లోడు, తర్వాతే చిల్లరు: పాత వాణిజ్య భవనాల్లో కొత్త యంత్రాలు

అందరికీ నమస్కారం. సభలో ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు ఉన్నారు. పాత వాణిజ్య భవనాల యజమానులు కూడా కొందరు వచ్చారు. వాళ్లు రావడమే నాకు ఎక్కువ సంతోషం. మనం ఎన్ని డ్రాయింగులు గీసినా, చివరికి చెక్కు మీద సంతకం పెట్టేది వాళ్లే కదా.

న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగును లోకమంతా ఎత్తు కోసం చూస్తుంది. మనం ఈ పూట దాని అడుగున ఉన్న చిల్లర్లనూ, అంటే ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద యంత్రాలనూ, కిటికీల కింద దాగిన రేడియేటర్లనూ చూద్దాం. పాత భవనంలో ఏసీ, కరెంటు పనులు ఏ వరసలో చేయాలో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1931 మే 1న అది తెరుచుకునే నాటికి అందులో ఏసీ లేదు. చలికాలంలో ఆవిరితో వేడెక్కే రేడియేటర్లు, ఎండాకాలంలో తెరుచుకునే కిటికీలు, అంతే. ఏసీ 1950ల నుంచి వచ్చి చేరింది. ఆ తర్వాత కంప్యూటర్లు, జిరాక్స్ యంత్రాలు. అప్పటికి ఉన్నదాన్ని తీయకుండా ప్రతి తరమూ తన సామాను పైన పెట్టుకుంటూ పోయింది. ఈలోగా 1981లో నగర ప్రభుత్వం దాన్ని రక్షిత భవనంగా ప్రకటించింది. 1986లో జాతీయ చారిత్రక గుర్తింపు కూడా దక్కింది. అంటే బయటి రూపాన్నీ, కింది లాబీనీ ఇష్టం వచ్చినట్టు ముట్టుకోవడానికి వీల్లేదు.

2008 నాటి లెక్క చూడండి. సుమారు 27 లక్షల చదరపు అడుగులు. ఏటా కోటీ పది లక్షల డాలర్ల ఇంధన ఖర్చు. కరెంటు గరిష్ఠ డిమాండు 9.5 మెగావాట్లు. అప్పటికే యజమానులు దాదాపు 9.3 కోట్ల డాలర్ల మరమ్మతులకు సిద్ధపడ్డారు. అందులో చిల్లర్ ప్లాంటును మార్చి, ఇంకా పెద్దది చేయడం కూడా ఉంది. మనలో ఎవరిని పిలిచినా ముందు ఇచ్చే సలహా అదే. చల్లదనం చాలడం లేదా? పెద్ద మెషిన్ పెట్టండి, సార్.

అక్కడ మాత్రం నాలుగు సంస్థలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి: భవన యంత్రాల కంపెనీ జాన్సన్ కంట్రోల్స్, స్థిరాస్తి సంస్థ జోన్స్ లాంగ్ లసాల్, ఇంధన పొదుపు మీద పరిశోధన చేసే రాకీ మౌంటెన్ ఇన్‌స్టిట్యూట్, వాతావరణ మార్పు మీద పనిచేసే క్లింటన్ క్లైమేట్ ఇనిషియేటివ్. అరవైకి పైగా ఆలోచనలు రాసుకుని, వడపోసి, చివరికి ఎనిమిది పనులు మిగిల్చాయి. ‘ఎంత చల్లబరచాలి?’ అనే ప్రశ్నను పక్కన పెట్టి, ‘ఇంత వేడి అసలు ఎక్కడి నుంచి వస్తోంది?’ అని మొదలుపెట్టాయి.

వేడి ముందుగా వచ్చేది కిటికీలోంచి. ఆ భవనానికి 6,514 కిటికీలు ఉన్నాయి. అప్పటికే వాటికి రెండు పొరల అద్దాలు బిగించి ఉన్నాయి. తీసి పారేసి కొత్తవి తెప్పిస్తే సులువుగా అయిపోయేది. వాళ్లు ఆ పని చేయలేదు. అయిదో అంతస్తులో ఖాళీగా ఉన్న చోట చిన్న కార్ఖానా పెట్టారు. కిటికీ రెక్కలను ఊడదీసి అక్కడికి తెచ్చారు. రెండు అద్దాలనూ విడదీసి, కడిగి, వాటి మధ్య వేడిని తిప్పికొట్టే పలుచని ఫిల్మును బిగించి, ఖాళీల్లో జడవాయువు నింపి, అంచులు మూసి మళ్లీ అదే చట్రంలో కూర్చోబెట్టారు. ఒక్కో కిటికీకి రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు రెండు అద్దాలు. లెక్క వేసుకోండి, 26 వేల అద్దాలు. వాటిలో 96 శాతం మళ్లీ వాడారు. పని జరుగుతున్నంత కాలం అద్దెదారులు తమ ఆఫీసుల్లోనే ఉన్నారు, ఎందుకంటే రెక్కలు తీయడం, పెట్టడం రాత్రిపూట చేసేవారు. వేడిని అడ్డుకునే గుణం దాదాపు మూడింతలు పెరిగింది. వీధిలోంచి తలెత్తి చూసేవాడికి మాత్రం ఏ తేడా కనిపించదు. రక్షిత భవనంలో పనికి ఇంతకంటే మంచి మార్కులు ఉండవని నా అభిప్రాయం.

రేడియేటర్ల సంగతి ఇంకా చిన్నది. కిటికీ కింద గోడలో గూడు, గూట్లో రేడియేటర్. అక్కడ గోడ పలుచన. రేడియేటర్ ఇచ్చే వేడిలో కొంత గదిలోకి వస్తే కొంత వెనకనుంచి వీధికి పోయేది. వాటిని బయటికి లాగి, శుభ్రం చేసి, వెనక మెరిసే రేకు అతికించిన ఇన్సులేషన్ పలకను పెట్టారు. ఇలాంటి పని పేరు టెండరు పత్రంలో గొప్పగా కనిపించదు, రిబ్బన్ కత్తిరించడానికి మంత్రీ రాడు. ఖర్చుతో పోలిస్తే ఫలితం మాత్రం గట్టిది.

దీపాలు, పగటి వెలుతురును వాడుకునే ఏర్పాట్లు, అద్దెదారుల ప్లగ్గుల లోడు, ఇవన్నీ కూడా కలిపాక గరిష్ఠ కూలింగ్ లోడు, అంటే ఏసీ తీసేయాల్సిన వేడి, మూడో వంతు తగ్గుతుందని తేలింది. అంటే 1,600 టన్నులు. మన ఇళ్లలో పెట్టుకునే టన్నున్నర ఏసీలు వెయ్యికి పైగా ఆపేసినట్టు. ఇక పెద్ద చిల్లర్లు ఎందుకు? ఉన్న నాలుగింటి ఉక్కు పెంకులను అలాగే ఉంచి, లోపలి గొట్టాలు, మోటార్లు, కంప్రెసర్లు వంటివి మార్చి, వేగాన్ని మార్చుకునే డ్రైవ్‌లు జోడించారు. చిల్లర్ల మార్పిడి తప్పడం వల్లనే కోటీ డెబ్బై లక్షల డాలర్లకు పైగా మిగిలింది. అందుకే మొత్తం ఇంధన పొదుపు కార్యక్రమానికి అదనంగా పడింది కోటీ 32 లక్షల డాలర్లే. ఏటా ఆదా అంచనా 44 లక్షలు, వాడకంలో తగ్గుదల 38 శాతం. మూడేళ్లలో డబ్బు వెనక్కి వచ్చే లెక్క. ఆదా రాకపోతే తేడా తామే భరిస్తామని జాన్సన్ కంట్రోల్స్ హామీ రాసిచ్చింది. మొదటి ఏడాది హామీకన్నా 5 శాతం ఎక్కువే మిగిలింది.

ఇదే పనులను తిరగేసి చేసి ఉంటే, అంటే ముందు చిల్లర్ కొని తర్వాత కిటికీలు బాగుచేసి ఉంటే, అవసరానికి మించిన యంత్రం సగం లోడుతో మూలుగుతూ ముప్పై ఏళ్లు పడి ఉండేది. అందుకే వరస గురించి ఇంత పట్టుబడుతున్నాను.

గాలి పంచే యంత్రాల గురించి ఒక్క మాట. ఎప్పుడూ ఒకే మోతాదులో గాలి తోసే పాత యూనిట్లు అంతస్తుకు నాలుగు చొప్పున సీలింగుకు వేలాడేవి. వాటి బదులు గాలిని అవసరానికి తగ్గట్టు పంపేవి అంతస్తుకు రెండు చొప్పున నేల మీద నిలబెట్టేలా కొత్త అమరిక వేశారు. నేల మీద ఉన్న యూనిట్‌కు ఫిల్టర్ మార్చడం ఎంత సుఖమో నిచ్చెన ఎక్కిన మెకానిక్‌ను అడగండి.

ఇక లాబీ. ఇది యజమానులు జాగ్రత్తగా వినాలి. అసలు పైకప్పు మీద పళ్ల చక్రాల బొమ్మలు, బంగారు, అల్యూమినియం రేకుల పనితనం ఉండేవి. 1960ల్లో వెలుతురు పెంచాలని దాని కింద ఇంకో కప్పు వేలాడదీసి ట్యూబులైట్లు బిగించారు. ఆ రోజుల్లో దాన్నీ ఆధునికీకరణే అన్నారు. అసలు చిత్రం దశాబ్దాలు చీకట్లో పాడైపోయింది. 2009లో దాన్ని పాత పద్ధతిలో మళ్లీ చేయించాల్సి వచ్చింది. కరెంటు పని చేసేవాళ్లం చరిత్రను ఎలా మింగేస్తామో చూపించడానికి మన ఊళ్లోనూ ఉదాహరణలకు కొదవ లేదు. నగిషీ కప్పుకు ఫాల్స్ సీలింగ్ కొట్టించిన షాపులు ఎన్ని లేవు?

మన దగ్గర రేడియేటర్లు లేవు, శత్రువు ఎండ. హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లా రాతి కట్టడమైతే గోడను తొలిచి, వైర్లు పోయే కండూట్ పైపు దాచే ప్రశ్నే ఉండదు. డంగు సున్నం గోడల్లో గాడి కొట్టడం తేలిక. అందుకే అందరూ కొడతారు, కొట్టిన చోట సిమెంటుతో పూస్తారు. సున్నం తేమను పీల్చుకుని వదిలేస్తుంది, సిమెంటు వదలదు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ అతుకు చుట్టూ ఉప్పు తేలి గచ్చు పొక్కులు లేస్తుంది. గాడి కొట్టక తప్పకపోతే పూత కూడా సున్నంతోనే చేయాలి. ఇంకా మేలు ఏమిటంటే, పైపులను బాహాటంగా, తిన్నగా, రంగు కలిసేలా వేయడం. క్లాంపు మేకు రాతిలో దిగకూడదు, రాళ్ల మధ్య సున్నపు అతుకులో దిగాలి. రేపు తీసేస్తే మిగిలేది పూడ్చగలిగే రంధ్రమే కావాలి.

పాత వైర్లలో నన్ను ఎక్కువ భయపెట్టేది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. ఒకప్పటి లోడు బల్బులు, ఫ్యాన్లు కాబట్టి త్రీఫేజ్ లైన్లలో న్యూట్రల్‌ను సన్నగా వేసేవారు, అది చాలేది కూడా. ఇప్పుడు కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు, యూపీఎస్‌లు వచ్చాయి. ఇవి పుట్టించే మూడో హార్మోనిక్ కరెంటు, అంటే మామూలు కరెంటుకు మూడు రెట్లు వేగంగా ఊగే కరెంటు, మూడు ఫేజుల్లోనూ ఒకదాన్నొకటి కొట్టేసుకోదు, అన్నీ న్యూట్రల్‌లో పోగవుతాయి. ఫేజు వైర్లు చల్లగా ఉంటాయి, బ్రేకర్ పడదు, న్యూట్రల్ మాత్రం కాలుతుంది. పైన ఎండిన టేకు దూలం ఉంటే తర్వాత జరిగేది చెప్పనక్కర్లేదు. అలాగే ఎర్తింగ్ లేని రెండు పిన్నుల సాకెట్లు, బతికున్నవో చచ్చినవో తెలియని కేబుళ్లు. కొత్త కేబుల్ లాగే ముందు చచ్చినవాటిని పూర్తిగా తీయించండి. సగం డక్టులు అక్కడే ఖాళీ అవుతాయి.

యజమానులకు ఒక విన్నపం. ఏసీ కంపెనీవాళ్లను కొటేషన్ అడిగే ముందు ఒక సంవత్సరం కరెంటు బిల్లులు, ఇప్పుడున్న వైరింగ్‌ను ఒక్కో గీతతో చూపే సింగిల్ లైన్ డయాగ్రమ్, అద్దెదారులు ఎవరు ఎంత వాడుతున్నారో సబ్‌మీటర్ రీడింగులు, ఈ మూడూ బల్ల మీద పెట్టించుకోండి. డయాగ్రమ్ లేదంటారా, మొదటి ఖర్చు దానికే పెట్టండి. పైకప్పు మీద మధ్యాహ్నం రెండింటికి ఎంత వేడి ఉందో కూడా ఒక వారం కొలిపించండి. మద్రాసు టెర్రస్ కప్పు, అంటే దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన పాత కప్పు, ఉన్నవాళ్లు నాతో విడిగా మాట్లాడండి, దాని మీద నీరు నిలవకుండా చూస్తూనే ఇన్సులేషన్ వేసే పద్ధతిని బొమ్మ గీసి చెబుతాను. ఇక ప్రశ్నలు అడగండి.