పట్టేసిన తలుపు

అమ్మలకు, అయ్యలకు ప్రభువు నామంలో వందనాలు. ఇంత వానలోనూ వచ్చారు, సంతోషం.

చెన్నైలో పాత చెక్క తలుపులున్న ఇళ్లలో కాపురం చేసేవాళ్లకు ఈ బాధ తెలుసు. అక్టోబర్‌లో పట్టుకున్న వాన డిసెంబర్ దాకా వదలదు. ఆ తేమంతా తాగి తలుపు ఉబ్బుతుంది. పోయినేడు మా వెనక గది తలుపు అలాగే పట్టేసింది. తాళం వేయలేదు, గడియ పెట్టలేదు, అయినా రాదు. భుజంతో తోశాను, కాలితో తన్నాను. భుజం నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. చివరికి వడ్రంగిని పిలిచాం. (వడ్రంగి అనగానే నేను యేసు పెరిగిన నజరేతుకు వెళ్తాననుకుంటున్నారు కదూ? వెళ్లను.) అతను ఎలాగో తలుపు ఊడదీసినట్టు తెరిచి, ద్వారబంధానికి సుద్దముక్క రుద్ది, మెల్లగా మూసి తీశాడు. తలుపు అంచున బెత్తెడు మేర తెల్లటి మచ్చ పడింది. “తలుపంతా బాగానే ఉంది సార్, ఇక్కడొక్కచోటే పడుతోంది” అని తమిళంలో చెప్పి, అక్కడ మాత్రం చిత్రిక పట్టాడు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీయండి. ఫిలిప్పీ ఊరి బయట, నది ఒడ్డున, విశ్రాంతి దినాన కొందరు స్త్రీలు కూడారు, అపొస్తలుడైన పౌలు, తోడున్న సీల వచ్చి వాళ్లకు వాక్యం చెప్పారు. ఆ స్త్రీలలో లూదియ ఒకరు. తుయతైర నుంచి వచ్చిన ఆవిడ, ఊదారంగు సరుకు అమ్ముకునే వ్యాపారి. అప్పటికే దైవభక్తి గల మనిషి. గమనించండి, భక్తి ఉంది, ప్రార్థన ఉంది. అయినా ఈ పుస్తకం రాసిన లూకా ఏమన్నాడు? “ప్రభువు ఆమె హృదయము తెరచెను గనుక పౌలు చెప్పిన మాటలయందు లక్ష్యముంచెను.” తెరిచింది ప్రభువు. లక్ష్యముంచింది, అంటే మనసు పెట్టి విన్నది, లూదియ. ఆమె చేసిన పనల్లా వాక్యం వినబడే చోట కూర్చోవడం. ఎమ్మాయులో భోజనానికి కూర్చున్నప్పుడు ఇద్దరు శిష్యుల కన్నులు తెరవబడ్డాయని చెప్పడానికి లూకా గ్రీకులో వాడిన క్రియ కూడా ఇదే. చెవిటివాడితో యేసు పలికిన “ఎప్ఫతా” అనే మాటకు మార్కు చెప్పిన “తెరవబడుము” అనే అర్థంలోనూ అదే క్రియ.

మరి తెరుచుకుందని ఎలా తెలిసింది? కన్నీళ్లు పెట్టుకుందని లేఖనం చెప్పలేదు. బాప్తిస్మం పొందగానే మా ఇంటికి వచ్చి ఉండండని బలవంతం చేసింది. తర్వాత చెరసాలలోంచి బయటపడ్డ పౌలు, సీల నేరుగా వెళ్లింది ఆ ఇంటికే. మనసు తెరుచుకున్నాక వీధి తలుపు కూడా తెరుచుకుంది.

తెరుచుకోని రోజుల సంగతేమిటని అడుగుతారు. మన పరంగిమలై కొండ చూస్తున్నారుగా. క్రీ.శ. 72లో యేసు శిష్యుడు తోమా అక్కడే హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడని, ఇక్కడి సంప్రదాయం. ఆ తోమా, యేసు తిరిగి లేచాడంటే చూస్తే గాని నమ్మను అన్న మనిషి. ఆ మాటన్న ఎనిమిది దినాల తర్వాత కూడా శిష్యులున్న ఇంటి తలుపులు మూసే ఉన్నాయని యోహాను రాశాడు. మూసి ఉండగానే యేసు వచ్చి, మధ్యను నిలిచి, మీకు సమాధానం, అంటే శాంతి, కలుగుగాక అన్నాడు. తోమాను తిట్టి పంపలేదు, చెయ్యి చాపమన్నాడు. సందేహం ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లంటే నాకు ఎక్కువ దిగులు.

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఊళ్లో పొలం గట్టు విషయంలో మా తమ్ముడికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. మూడేళ్లు పలకరింపుల్లేవు. ఆ మూడేళ్లలో ఒక్క ఆదివారం గుడి మానలేదు నేను. వాక్యం చెప్పాను కూడా. కానీ బైబిల్ తీస్తే ఏదీ లోపలికి దిగేది కాదు. ఉపవాసం ఉండి చూశాను, తెల్లవారుజామున లేచి చూశాను. అదంతా భుజంతో తోయడమే. ఆ వడ్రంగి వెళ్లిపోయిన రాత్రి 139వ కీర్తన చదువుతున్నాను. “దేవా, నన్ను పరిశోధించి” అన్నచోట ఆగిపోయాను. సుద్ద మచ్చ ఎక్కడ పడిందో వేరే చెప్పాలా?

మర్నాడు ఫోన్ చేశాను. చాలాసేపు రింగయింది. ఎత్తాడు. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. వాడే అన్నాడు: “అక్కడ వానలెలా ఉన్నాయన్నా?”