ఏడిపించే ప్రేమ నవలలు మనల్ని ఎందుకు వదలవు?

(మొదటి షాట్: పాత వారపత్రిక పేజీలు. అంచున తెల్లదారంతో కుట్టు.)

ఇది కావలిలో ఉండే మా పెద్దమ్మ పుస్తకం. షాపులో కొన్నది కాదు. వారం వారం వచ్చిన సీరియల్ పేజీలు చించి, వరసగా పేర్చి, దబ్బనంతో తనే కుట్టుకుంది. ఇందులో 19వ వారం లేదు. ఆ సంచిక ఎవరో చదివి ఇస్తామని తీసుకెళ్లి మళ్లీ ఇవ్వలేదంట. సరిగ్గా ఆ వారమే ప్రేమించుకున్న ఇద్దరూ గొడవపడి విడిపోయారు.

చిన్నప్పుడు ఆ భాగం పెద్దమ్మ నోటితో చెప్పేది. ఒక సెలవుల్లో "ఆ పిల్లే తొందరపడిందబ్బయ్యా" అంది. మరుసటి ఏడాది, "ఆ పిల్ల ఏం చేస్తది పాపం, వాడు నోరు తెరిచి ఒక్క మాట చెప్పుంటే గదా!" అంది.

ఈ నవలల లాగుడంతా అక్కడే ఉంది. తప్పెవరిదో తేలదు. తేలని పంచాయితీని మనసు వదలదు.

(స్క్రీన్ మీద ఒకే మాట: లేచిపోయింది)

ఊళ్లో ఒకామె ఇల్లు విడిచి వెళితే ఈ ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆమె వైపు ఎవరూ వినరు. 1927లో వచ్చిన 'మైదానం'లో చలం ఆమె వైపు వినిపించాడు. ప్లీడరు భార్య రాజేశ్వరి, భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. కథంతా ఆమే చెబుతుంది. కొన్నిచోట్ల నాకు ఆమె మీద కోపమొస్తుంది. అయినా మధ్యలో లేచి రాలేను, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

ఇక శరత్ 'దేవదాసు'. బెంగాలీలో 1917లో వచ్చింది. పార్వతి అర్ధరాత్రి వచ్చి అడిగితే అతను తెగించలేడు. కలకత్తా వెళ్లి, కుదరదని ఉత్తరం రాస్తాడు. పోస్ట్ చేశాక బాధపడతాడు. ముగింపేంటో మనందరికీ తెలుసు. అయినా చదివిన ప్రతిసారీ ఆ ఉత్తరం దగ్గర "వెయ్యొద్దురా" అని లోపల అనుకుంటాం. పంపేసి, డిలీట్ కొట్టేలోపే నీలం టిక్కులు పడిపోయిన మెసేజ్ మనకూ ఒకటి ఉంటుంది కదా. దాని గురించి ఇంట్లో చెప్పుకోలేం. అతని కోసం మాత్రం ధైర్యంగా ఏడవగలం.

(చివరి షాట్: పెద్దమ్మ చేతులు, కళ్లజోడు.)

మొన్న పాత పుస్తకాల షాపులో ఆ 19వ వారం దొరికింది. పెద్దమ్మ రెండుసార్లు చదివి కళ్లజోడు తీసింది.

"దీంట్లో గూడా తప్పెవరిదో చెప్పలా గదరా," అంది. "సరే, ఆ దబ్బనం ఇట్టా తీసకరా."