మనిషిని చూసి వెయ్యాలా, జడ్జీలను చూసి వెయ్యాలా?

శ్రోతలకు నమస్కారం.

2016లో మా అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళి, టెక్సస్ రాష్ట్రంలో డాలస్ పక్కన ఒక ఊళ్ళో నాలుగు నెలలున్నాం. అక్టోబరు నెల. పొద్దున్నే నడకకి బయల్దేరితే ఇళ్ళ ముందు గడ్డిలో గుచ్చిన అట్టబోర్డులు వరసగా కనిపించేవి. అక్కడ ఎన్నికల ప్రచారమంటే చాలావరకు అదే. మైకులు లేవు, జెండాలు కట్టిన జీపులు లేవు. ఒక ఇంటి ముందు బోర్డు చూసి ఆగిపోయాను. దాని మీద ఎవరిదో పేరు, ఆ పేరు ముందు 'జడ్జి' అని ఉంది. జడ్జికి ఓటేమిటి అనుకున్నాను. తర్వాత మా అల్లుడు చెప్పాడు, టెక్సస్‌లో జిల్లా కోర్టు నుంచి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా జడ్జీలను జనమే ఎన్నుకుంటారట, అదీ పార్టీల వారీగా.

ఆ ఇంటావిడ రిటైరైన పంతులమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. ఆదివారం చర్చి తప్పదు. మొక్కలకి నీళ్ళు పెడుతూ రోజూ పలకరించేది. ఆవిడ గడ్డిలో జడ్జీల బోర్డులు రెండున్నాయి కానీ, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఇద్దరిలో ఎవరి బోర్డూ లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఓటు ట్రంప్‌కే వేస్తాను. బోర్డు మాత్రం పెట్టను" అంది. ఎందుకన్నాను. "ఆ మనిషిని మా ఇంటికి భోజనానికి పిలవను. కానీ సుప్రీంకోర్టులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది" అంది.

ఆ మాట ఇన్నేళ్ళుగా నా మనసులో నలుగుతూనే ఉంది. దాని గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ముందు ఆ కుర్చీ సంగతి. అమెరికా సుప్రీంకోర్టులో జడ్జీలు తొమ్మిదిమందే. గర్భస్రావం హక్కు లాంటివి తేల్చేది వాళ్ళే. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, ఎగువసభ అయిన సెనేట్ ఆమోదిస్తుంది. ఒకసారి ఎక్కితే దిగమనే వయసు లేదు. మన సుప్రీంకోర్టులో 65 ఏళ్ళు నిండగానే ఎంతటివారైనా ఇంటికి రావాల్సిందే. అక్కడ తనంతట తాను తప్పుకోవాలి, లేదా పోవాలి. అభిశంసన ఉంది కానీ, దానితో పదవి పోయిన సుప్రీంకోర్టు జడ్జి ఇంతవరకు ఒక్కరూ లేరు. 1991లో 43 ఏళ్ళ వయసులో వెళ్ళిన క్లారెన్స్ థామస్ ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ కుర్చీలోనే ఉన్నారు. అధ్యక్షుడు ఉండేది మహా అయితే ఎనిమిదేళ్ళు. ఆయన వేసిన జడ్జి ఒక తరం పాటు ఉంటాడు.

2016 ఫిబ్రవరి 13న జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా టెక్సస్‌లోనే, వేట విడిదికి వెళ్ళినచోట చనిపోయారు. 79 ఏళ్ళు. సంప్రదాయవాదులకు ఆయన పెద్దదిక్కు. ఆ సాయంత్రమే సెనేట్‌లో మెజారిటీలో ఉన్న రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మకానెల్ ప్రకటన చేశారు: ఇది ఎన్నికల సంవత్సరం, ఈ ఖాళీ నింపేది కొత్త అధ్యక్షుడే అని. మార్చి 16న అప్పటి డెమొక్రాట్ అధ్యక్షుడు ఒబామా జడ్జి పదవికి మెరిక్ గార్లండ్ పేరు పంపారు. 293 రోజులు ఆ పేరు అలాగే పడి ఉంది. కాదనలేదు, ఔననలేదు, కనీసం పిలిచి ప్రశ్నలు అడగలేదు. అలా ఆ ఖాళీ కుర్చీ తిన్నగా ఓటరు చేతికే వచ్చింది.

ట్రంప్ దాన్ని గట్టిగా పట్టుకున్నారు. మే నెలలో పదకొండుమంది పేర్లతో జాబితా బయటపెట్టారు, సెప్టెంబరుకి దాన్ని ఇరవై ఒకటి చేశారు. పోటీలో ఉన్నవాడు తాను వేయబోయే జడ్జీల పేర్లు ముందే రాసివ్వడం అంతకుముందు లేదు. జులైలో అయోవా సభలో బాహాటంగానే అన్నారు: నేను మీకు నచ్చితే సరే, నచ్చకపోయినా నాకే వెయ్యాలి, ఎందుకో తెలుసా, సుప్రీంకోర్టు జడ్జీలు అని.

అక్టోబరు 7, శుక్రవారం నాడు ఆ పాత టేపు బయటపడింది. 2005లో ఒక టీవీ కార్యక్రమం బస్సులో, పేరున్నవాణ్ణి కాబట్టి ఆడవాళ్ళ ఒంటి మీద చెయ్యి వేసినా ఊరుకుంటారని ట్రంప్ చెప్పుకున్న మాటలు. పసిబిడ్డ నిద్రపోతోందని మా అమ్మాయి టీవీ గొంతు తగ్గించి చూస్తోంది. నేను పక్కన ఉండలేక లేచి వెళ్ళిపోయాను. తండ్రీకూతుళ్ళు కలిసి వినే మాటలు కావవి.

ఆ తర్వాతి రెండు వారాల్లో జరిగిన ఒక సంగతి మాత్రం కాస్త దగ్గరగా చూపిస్తాను. వేన్ గ్రూడెమ్ అని క్రైస్తవ ధర్మశాస్త్రం బోధించే ప్రొఫెసరున్నారు. ఇవాంజెలికల్ అనే, బైబిల్ మాటకి గట్టిగా కట్టుబడే క్రైస్తవ వర్గంలో ఆయన మాటకి ఎంతో బరువు. జులైలో ఆయన పెద్ద వ్యాసం రాశారు: ట్రంప్‌లో లోపాలున్నా ఆయనకు ఓటెయ్యడం నైతికంగా మంచి పనే అని. అందులో చాలా భాగం సుప్రీంకోర్టు గురించే. టేపు వచ్చిన రెండో రోజు, అక్టోబరు 9న, ఆ మాట వెనక్కి తీసుకుని ట్రంప్ పోటీ నుంచి తప్పుకోవాలన్నారు. మళ్ళీ పది రోజులకి, అక్టోబరు 19న, ఇద్దరు అభ్యర్థులూ నచ్చకపోతే ట్రంప్ విధానాలకే ఓటెయ్యండి అని రాశారు. ఆయన్ని నిలకడ లేనివాడని తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. ఒక నిజాయితీ గల మనిషి నడిబజారులో నిలబడి తక్కెడలో ఈ పళ్ళెం, ఆ పళ్ళెం చూసుకున్న తీరు అది. అలా చూసుకున్నవాళ్ళు ఆయనొక్కడే కాదు. నవంబరు 8న ఓటేసి బయటికొచ్చినవాళ్ళను అడిగితే, నూటికి 21 మంది సుప్రీంకోర్టు నియామకాలే తమకు అన్నిటికన్నా ముఖ్యమన్నారు. వాళ్ళలో 56 శాతం వేసింది ట్రంప్‌కే.

మా పొరుగావిడ లెక్క నాకు అర్థమవుతుంది. నేనైతే అలా వెయ్యను. అయినా ఆ లెక్కని గౌరవిస్తాను. ఎందుకంటే ఆవిడ మనిషిని మనిషిగానే తూచింది, జడ్జీని జడ్జీగానే తూచింది. ఫలానా దానికోసం ఫలానా దాన్ని భరిస్తున్నానని ఒప్పుకుంది. నాకు కష్టం అనిపించేది ఆ తర్వాత జరిగేదే. ఓటేశాక ఆ భరించడం బరువై, కొన్నాళ్ళకి ఆయన అంత చెడ్డవాడేం కాదులే అంటాం, ఇంకొన్నాళ్ళకి మంచివాడే అంటాం, ఆఖరికి గుణం సంగతి ఎవడిక్కావాలి అంటాం. 2011లో ఒక సర్వే సంస్థ అడిగింది: సొంత జీవితంలో తప్పుడు పని చేసిన నాయకుడు పదవిలో సవ్యంగా నడుచుకోగలడా అని. తెల్లజాతి ఇవాంజెలికల్ క్రైస్తవుల్లో 30 శాతం మందే నడుచుకోగలడన్నారు. 2016 అక్టోబరులో అదే ప్రశ్న అడిగితే 72 శాతం మంది ఔనన్నారు. ఐదేళ్ళలో వాళ్ళ మతగ్రంథం మారలేదు. అభ్యర్థి మారాడు.

ఇది ఒక పార్టీకే అంటగడితే అన్యాయం. 1998లో డెమొక్రాట్ అధ్యక్షుడు క్లింటన్, ఆయన ఆఫీసులో పనిచేసిన మోనికా లెవిన్‌స్కీ వ్యవహారం బయటపడినప్పుడు ఇవే వాదనలు అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు చేశారు. గుణం లేని నాయకుణ్ణి సహిస్తే జాతి మనస్సాక్షే మొద్దుబారుతుందని ఆ ఏడాది జూన్‌లో సదరన్ బాప్టిస్టులు అనే పెద్ద క్రైస్తవ శాఖవాళ్ళు తీర్మానం చేశారు. సొంత విషయాలు వేరు, పాలన వేరు అని డెమొక్రాట్లు అన్నారు. ఆడవాళ్ళ హక్కుల కోసం జీవితమంతా పోరాడిన గ్లోరియా స్టైనమ్ సైతం క్లింటన్ పక్షాన పత్రికలో రాశారు. ఆయన వేసిన జడ్జీల్లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఉన్నారు, గర్భస్రావం హక్కుని కాపాడే కోర్టు ఉంది, ఆ హక్కు పోగొట్టుకోవడానికి వాళ్ళు సిద్ధంగా లేరు. డిసెంబరు 19న దిగువసభ ఆయన్ని అభిశంసిస్తే, ఆ రోజుల్లోనే జనాదరణ 73 శాతానికి చేరింది. తా వలచింది రంభ, తా మునిగింది గంగ. ఆ రెండు దశాబ్దాల్లో అటూ ఇటూ ఎంత మార్చుకున్నా గంగ మాత్రం ఎప్పుడూ తాము మునిగినచోటే.

జడ్జీల విషయంలోనూ అంతే. ఎన్నికల ఏడాదిలో పేరు పంపొద్దని 1992లో సెనేట్‌లో ప్రసంగించింది డెమొక్రాట్ జో బైడెన్. 2016లో రిపబ్లికన్లు ఆ ప్రసంగాన్నే చేత పట్టుకు తిరిగారు. ఆ మార్చిలో లిండ్సే గ్రాహం అనే రిపబ్లికన్ సెనేటర్, రేపు మా పార్టీ అధ్యక్షుడి చివరి ఏడాదిలో ఖాళీ వస్తే ఇదే న్యాయం మాకూ వర్తిస్తుంది, నా మాటలు నాకే అప్పజెప్పండి అన్నారు. 2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గ్ చనిపోయారు. ఎన్నికకు ఎనిమిది రోజుల ముందు, అక్టోబరు 26న, ఏమీ కోనీ బారెట్ నియామకాన్ని సెనేట్ 52-48తో ఆమోదించింది. ఆ విచారణ జరిపిన కమిటీకి అధ్యక్షుడు ఆ గ్రాహమే.

ఈ పేచీ నిన్న మొన్నటిది కాదు, ఆ దేశంతో పాటే పుట్టింది. 1800 ఎన్నికలో అధ్యక్ష పదవికి పోటీ చేసిన జెఫర్సన్‌కి దేవుడంటే నమ్మకం లేదు, అలాంటివాడికి దేశం అప్పజెప్పకూడదు అని ఎదుటి పార్టీ ఊరూరా చెప్పింది. జనం ఆయన్నే ఎన్నుకున్నారు. ఓడిపోయిన అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ దిగిపోయే ముందు జాన్ మార్షల్‌ని ప్రధాన న్యాయమూర్తిగా కూర్చోబెట్టి వెళ్ళారు. జెఫర్సన్ 1809లో పదవి దిగారు, 1826లో కన్నుమూశారు. మార్షల్ 1835 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మనమంటాం. ఆ వడ్డించేవాడు ముప్ఫై నాలుగేళ్ళు గరిటె వదలకపోతే ఆ ఎంపిక కోసం జనం ఏమైనా ఓర్చుకుంటారు. పదవీకాలానికి హద్దు పెట్టమని, పద్ధెనిమిదేళ్ళు చాలని అక్కడ చాలామంది చాలాకాలంగా అడుగుతున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఒక చావు మీద ఇంత ఆధారపడకపోతే ఒక మనిషి గుణం మీద ఇన్ని కళ్ళు మూసుకోవాల్సిన అవసరం రాదు.

2022 జూన్ 24న సుప్రీంకోర్టు గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి తీర్పుని కొట్టేసింది. గర్భస్రావం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. అలా తేల్చిన ఐదుగురిలో ముగ్గురు ట్రంప్ వేసినవాళ్ళే: గోర్సచ్, కావనా, బారెట్. మా అమ్మాయి ఫోన్లో చెప్పింది, పొరుగావిడ కంచె దగ్గరకొచ్చి, "అడిగింది దొరికింది. అయినా ఆయన మంచివాడని నేను ఏనాడూ అనలేదు, గుర్తుపెట్టుకో" అందట.

ఆ జడ్జీలు ఆయన చేతిలో మనుషులని కూడా అనలేం. 2020 ఎన్నిక ఫలితాలను తిరగదోడమని టెక్సస్ వేసిన కేసును ఆ డిసెంబరు 11న వినకుండానే తోసిపుచ్చింది ఆ కోర్టే. కానీ 2024 జులై 1న ఇంకో తీర్పొచ్చింది. అధ్యక్షుడికి రాజ్యాంగం అప్పగించిన ముఖ్యాధికారాల విషయంలో ఆయన మీద క్రిమినల్ కేసే నడవదని, మిగతా అధికారిక పనులకూ రక్షణ ఉందనే భావించాలని ఆరుగురు జడ్జీలు చెప్పారు. ట్రంప్ వేసిన ముగ్గురూ ఆ ఆరుగురిలో ఉన్నారు, బారెట్ ఒకటి రెండు చోట్ల విభేదించినా.

ఆ వార్త విన్న పూట నాకు ముందు గుర్తొచ్చింది ఆ పంతులమ్మే. ఆవిడ ఏమంటుందో కనుక్కోమని అమ్మాయికి చెప్పాను. ఎండలు మండిపోతున్నాయట, ఆవిడ గొట్టం పట్టుకుని చెట్లకి నీళ్ళు పెడుతోందట. చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. ఆ తర్వాత, "అయితే మనిషి సంగతి మళ్ళీ మొదటికొచ్చిందన్నమాట" అని, నీళ్ళు కట్టేసి లోపలికి వెళ్ళిందట.

నమస్కారం.