నీళ్లలో ఉన్న గుంపు వేరు, లోపల కూర్చున్నవాళ్లు వేరు

యాంకర్: మేడమ్, కీళ్లవాతం అంటే కీళ్లు అరిగిపోవడం, అంతే కదా?

రుమటాలజిస్ట్: అదేనండీ మాకు రోజూ తలనొప్పి. అరుగుదల వేరు, ఇది వేరు. రుమటాయిడ్ అనే ఈ కీళ్లవాతంలో, మనల్ని రోగాల నుంచి కాపాడాల్సిన ఇమ్యూన్ కణాలే కీలు లోపలి పొర మీద పడతాయి, ఆ పొర మామూలుగా ఒకటి రెండు కణాల మందం ఉంటుంది అంతే, జబ్బు ముదిరితే పది వరసలు కూడా దాటిపోతుంది.

యాంకర్: మరి అసలు దొంగ ఎవరు సార్?

రీసెర్చర్: ఇక్కడే పొరపడతాం. వాచిన మోకాల్లోంచి సూదితో నీరు తీసి చూస్తే ఎక్కువగా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలే కనిపిస్తాయి, దొంగ దొరికేశాడు అనుకుంటాం, కానీ అదే కీలు పొరలోంచి చిన్న ముక్క బయాప్సీ తీసి చూడండి, అక్కడ అవి పెద్దగా ఉండవు, మాక్రోఫేజ్‌లు, టీ కణాలు, బీ కణాలు అనే వేరే ఇమ్యూన్ కణాలు తిష్ట వేసుకుని ఉంటాయి.

రుమటాలజిస్ట్: అలాగని న్యూట్రోఫిల్స్‌ని వదిలెయ్యకండి సార్. చనిపోతూ కూడా తమ డీఎన్‌ఏనే వలలాగా విసురుతాయి, ఆ వలలో రూపం మారిన ప్రొటీన్లుంటాయి, ఈ జబ్బు కోసం రక్తపరీక్షలో వెతికే యాంటీ సీసీపీ యాంటీబాడీలు పట్టుకునేది అలాంటివాటినే కదా!

రీసెర్చర్: సరే, అది ఒప్పుకుంటా.

యాంకర్: అయితే మాక్రోఫేజ్ విలనేనా?

రీసెర్చర్: అయ్యో, అన్నీ కాదు. 2019లో ఎలుకల మీద చేసిన స్టడీలో ఏం తేలిందంటే, పొర అంచున కొన్ని మాక్రోఫేజ్‌లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని గోడలా కాపలా కాస్తాయి, వాపు మొదలయ్యేసరికి ఆ గోడ చెదిరిపోతుంది. టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి వాపు పెంచే ప్రొటీన్లని గుమ్మరించేది చాలావరకు రక్తంలోంచి కొత్తగా వచ్చి చేరిన బ్యాచ్. నన్నడిగితే అన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టడం అన్యాయం.

రుమటాలజిస్ట్: ఆ టీఎన్‌ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్‌నే 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైని టీమ్ మొదటిసారి రుమటాయిడ్ పేషెంట్లకి ఇచ్చి చూసింది.

యాంకర్: నొప్పి రాకముందే పట్టుకోలేమా?

రుమటాలజిస్ట్: 2004లో నెదర్లాండ్స్‌వాళ్లు, తర్వాత ఈ జబ్బు వచ్చిన రక్తదాతల పాత శాంపిల్స్ తీసి చూస్తే దాదాపు సగం మందిలో లక్షణాలకి ముందే ఈ జబ్బు యాంటీబాడీలు ఉన్నాయి, అదీ కొన్నేళ్ల ముందే.

యాంకర్: అంటే టెస్ట్ పాజిటివ్ వస్తే మందులు మొదలెట్టెయ్యాలా?

రుమటాలజిస్ట్: లేదండీ, పాజిటివ్ వచ్చిన అందరికీ జబ్బు రాదు. నేనైతే వేళ్ల కణుపులు నొక్కి చూస్తా, పొద్దున్నే పిడికిలి పడుతోందా అని అడుగుతా. గంటసేపు చేతులు బిగుసుకుపోయే ఉంటున్నాయి, కణుపులు మెత్తగా వాచాయి అంటే మాత్రం ఇంక రిపోర్ట్ నెగటివ్ ఉన్నా సరే నేను ఆగను.