పోయేటప్పుడు అప్పు, వచ్చేటప్పుడు వడ్డీ: మైక్రోలైట్‌లో పాలమూరు నుంచి దేవరకొండకు

[తెర మీద: జిల్లాల మ్యాప్. మహబూబ్‌నగర్ నుంచి దేవరకొండకు ఎర్ర గీత.]

పాలమూరు మీద స్కేలు పెట్టి దేవరకొండ దాకా గీత గీస్తే, అది దాదాపు నేరుగా తూర్పుకు పోతుంది. దూరం ఇంచుమించు 100 కిలోమీటర్లు. సగం దారిలో, గీతకు కొంచెం కిందుగా కల్వకుర్తి. ముగ్గురు పైలట్లు, మూడు బుల్లి విమానాలు. పొద్దుగాల పోవాలి, ఎండ ముదరకముందే తిరిగి రావాలి. జడ్చర్లకు పోయి చాయ్ తాగి వచ్చినంత సులువుగా వినిపిస్తుంది కదా? లెక్క వేసి చూద్దాం.

ముందు బండి సంగతి. మన దేశంలో దీన్ని మైక్రోలైట్ అంటారు. ఇద్దరికి మించి ఎక్కకూడదు. మనుషులు, పెట్రోలు అన్నీ కలిపి 450 కిలోలు దాటకూడదు. అమెరికాలో అల్ట్రాలైట్ అనేది ఇంకా తేలిక: ఒక్కటే సీటు, ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే సుమారు 115 కిలోలు. మన బుల్లెట్ బండి అంతకంటే చాలా బరువు!

[క్లోజప్: గాలికి రెపరెపలాడుతున్న రెక్క గుడ్డ అంచు.]

ఇంత తేలిక బండికి గాలే యజమాని. మన విమానం వేగం గంటకు 90 కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేకపోతే దేవరకొండకు 67 నిమిషాలు. ఇప్పుడు ఆషాఢ మాసం పడమటి గాలి, గంటకు 20 కిలోమీటర్లు, వీపు మీద చెయ్యి వేసి నెడుతోంది. నేల మీద మన వేగం 110. దేవరకొండ 55 నిమిషాల్లో వచ్చేసింది. అందరి మొహాల్లో నవ్వులే.

ఇక తిరుగు ప్రయాణం. అదే గాలి ఎదురు. 90లోంచి 20 పోతే 70. నూరు కిలోమీటర్లకు 86 నిమిషాలు!

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. "పోయేటప్పుడు 55 నిమిషాలే పట్టింది, పైన ఇంకో అరగంటకు పెట్రోలు ఉంచుకుంటే చాలు" అని 85 నిమిషాలకు సరిపడా పోసుకుంటారు. కావలసింది 86. అంటే ట్యాంకు ఊరి ముందర ఎండిపోతుంది. పాలమూరు కళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం మూగబోతుంది. గంటకు 15 లీటర్లు తాగే ఇంజిన్ అయితే పోయేటప్పటికంటే వచ్చేటప్పుడు దాదాపు 8 లీటర్లు ఎక్కువ. గాలి ఇచ్చిన చేబదులు వడ్డీతో వసూలు చేసుకోవడమంటే ఇదే.

[తెర మీద: మూడు విమానాల బొమ్మలు. ఒకటి వెనకబడుతుంది.]

గుంపులో ఒకరి బండి పాతది, వేగం 75 అనుకోండి. గాలి లేకపోతే అతను మనకంటే 13 నిమిషాలు ఆలస్యం, అంతే. ఎదురుగాలిలో అతని వేగం 55. అంటే 109 నిమిషాలు. తేడా 23 నిమిషాలకు పెరిగింది. ఎదురుగాలి మెల్లగా పోయేవాడినే ఎక్కువ బాదుతుంది. అందుకే ముగ్గురి పెట్రోలు లెక్కా ఆ పాత బండితోనే మొదలుపెట్టాలి. ఆ పాత బండి అన్నను ముందు పెట్టి మిగతా ఇద్దరు వెనక పోవాలి. వేగం ఉన్నోడు ముందుకు ఉరికి, "ఏడున్నవే?" అని రేడియోలో అడుగుతుంటే అది కలిసి పోవడం కాదు.

నన్నడిగితే ఈ ప్రయాణానికి చలికాలమే మేలు. అప్పుడు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. పోయేటప్పుడే కష్టపడతాం, ఇంటికి వచ్చేటప్పుడు అదే నెడుతుంది. చెరువుల మీద పొగమంచు విడిచే దాకా ఆగాలి, అదొక్కటే చిక్కు.

అనుమతుల సంగతి రెండు ముక్కల్లో: ఎటు, ఎప్పుడు పోతామో రాసిన ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్, అంటే గగనతల రక్షణ అనుమతి), ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్లు తీసుకోవాలి, పొద్దు ఉన్నప్పుడే ఎగరాలి. ఉత్తరాన శంషాబాద్ విమానాశ్రయం కంట్రోల్ పరిధి ఎక్కడిదాకా ఉందో మ్యాప్‌లో చూసుకోవాలి. దక్షిణాన నల్లమల, అమ్రాబాద్ పులుల అడవి. అక్కడ ఇంజిన్ ఆగితే దిగడానికి జాగా దొరకదు.

[దృశ్యం: పైనుంచి ఒక చెరువు.]

గాలి ఎటు వీస్తోందో చెప్పే పరికరాలు కింద పరిచే ఉన్నాయి. చెరువు చూడండి. ఏ ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా నున్నగా ఉన్నాయో, గాలి అటు నుంచి వస్తోంది. అలలు లేచేది అవతలి ఒడ్డున. వరికొయ్యలు తగలబెట్టిన పొగ ఎటు వంగిందో, దర్గా మీద జెండా ఎటు ఎగురుతోందో, అన్నీ అదే చెప్తాయి. గద్దలు రెక్క కొట్టకుండా గిరగిరా తిరుగుతున్నాయంటే అక్కడ వేడిగాలి పైకి లేస్తోంది. కాలిన బండ మీద విమానం పైకి లేస్తుంది, పక్కనే తడి పొలం మీదికి రాగానే కడుపులో జారినట్టు కిందికి దిగుతుంది.

దేవరకొండ గుట్టల దగ్గర ఇంకొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పడమటి గాలి గుట్టను ఎక్కి, తూర్పు వైపు కిందికి దొర్లుతుంది. వచ్చేటప్పుడు మనం గుట్ట దాటాల్సింది సరిగ్గా ఆ దొర్లే గాలికి ఎదురుగానే. ఎత్తు ముందే పెంచుకోవాలి. గుట్ట కిందికి వచ్చాక పెంచుదామంటే కుదరదు.

ఇక దిగడం. 300 మీటర్ల ఎత్తులో ఇంజిన్ ఆగితే, ఎత్తుకు ఏడింతలు జారగల విమానం గాలి లేనప్పుడు రెండు కిలోమీటర్లు పోతుంది. అందుకే నడుపుతున్నంతసేపూ కన్ను ఓ చెలక మీద ఉండాల్సిందే. పచ్చగా, నున్నగా కనిపించే పొలాన్ని నమ్మొద్దు. బురదలో చక్రం దిగితే ముక్కు నేలకు కొట్టుకుంటుంది. పత్తి చేను కట్టె నిలబడి ఉంటే అదీ కుదరదు. నల్లగొండ వైపు బత్తాయి తోటలు, పాలమూరు వైపు మట్టిలోంచి తలెత్తిన బండలు. కోతమిషన్ పోయి ఆరిన వరిమడి అయితే పర్వాలేదు, కానీ ఒరాలు, అంటే గట్లు, చూసుకోవాలి. అన్నిటికంటే ప్రమాదం కరెంటు తీగ. అది పైనుంచి కనబడదు. స్తంభాలను చూడాలి. బోరు మోటరు ఉందంటే దానికి తీగ ఉండే తీరుతుంది.

[దృశ్యం: చెలకలో ఆగిన విమానం. దూరంగా పిల్లలు పరుగెత్తుకొస్తున్నారు.]

దిగాక ఆఖరి పని. ఊరి పిల్లలు ఒక్క ఉదుటున ఉరికొస్తారు, అదీ ఎక్కువగా వెనక నుంచే. చాలా మైక్రోలైట్లకు ప్రొపెల్లర్ కూడా వెనకే. ముందు ఇంజిన్ ఆపాలి. ప్రొపెల్లర్ రెక్కలు తిరగడం పూర్తిగా ఆగేదాకా సీట్లోంచే చెయ్యి ఊపుతూ "ఆగుండ్రి, ఆగుండ్రి!" అని అరవాలి. ఆ తర్వాత ఎవరు ముందు ఎక్కి కూచుంటారన్నది వాళ్ల పంచాయితీ.