ఉప్పుకు తమ్ముడు: లిథియం మాత్ర గురించి

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, ముందు ఆ కూజాలో నీళ్ళు తాగండి. మర్యాద కోసం అనడం లేదు. ఇవాళ నేను చెప్పబోయే దాంట్లో సగం ఇదే.

నేను సైకియాట్రిస్టుని. మేం ఏ మాత్ర రాసినా "నిద్రమాత్రే కదండీ" అంటారు ఇంట్లోవాళ్ళు. కాదు. డిప్రెషన్‌కిచ్చే మందు వేరు, లేని గొంతులు వినపడుతుంటే ఇచ్చేది వేరు, టెన్షన్‌కిచ్చేది వేరు. అన్నీ ఒక్క పూటలో చెప్పలేను కాబట్టి ఒక్కదాని గురించే మాట్లాడతాను. అది లిథియం. ఇది బైపోలార్ జబ్బుకిచ్చే మందు. అంటే మనసు కొన్నాళ్ళు పట్టలేని హుషారులోకి, కొన్నాళ్ళు లోతైన దిగులులోకి వెళ్ళిపోయే జబ్బు. ఆ హుషారు దశనే మేనియా అంటాం. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళున్నారు, పైగా ఇది మే నెల.

లిథియం 1817లో స్వీడన్‌లో ఒక రాతి ఖనిజంలో బయటపడిన లోహం. మీ సెల్‌ఫోన్ బ్యాటరీలోనూ అదే ఉంది. మందుగా వాడేది దాని లవణాన్ని. మూలకాల పట్టికలో సోడియంకు సరిగ్గా పై గడి దీనిది, బరువు కూడా తక్కువ. అంటే మన వంటింటి ఉప్పుకు తమ్ముడి వరస. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

దీన్ని మేనియాకు పట్టుకొచ్చినవాడు జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లోని చాంగీలో జపాన్ సైన్యానికి బందీగా మూడేళ్ళకు పైగా గడిపి వచ్చాడు. మెల్‌బోర్న్ దగ్గర బండూరా ఆసుపత్రిలో, ఎవరూ వాడని ఒక వంటగదిలో ప్రయోగాలు మొదలుపెట్టాడు. మేనియా ఉన్నవాళ్ళ ఒంట్లో ఏదో విషం తయారవుతోందని, అది మూత్రంలో దొరుకుతుందని ఆయన అనుమానం. ఆ మూత్రాన్ని గినీ పందులకు ఎక్కించి చూసేవాడు. మూత్రంలో ఉండే యూరిక్ ఆమ్లాన్ని కూడా పరీక్షించాలనుకున్నాడు. అది నీళ్ళలో సరిగా కరగదు కాబట్టి, బాగా కరుగుతుందని లిథియం యూరేట్ వాడాడు. ఊరికే బెదిరిపోయే ఆ జంతువులు, వెల్లకిలా పడుకోబెట్టినా అలాగే చూస్తూ ఉండిపోయాయి. మోతాదు ఎక్కువై మత్తుగా పడి ఉంటాయని తర్వాతివాళ్ళన్నారు. విషం సంగతి కేడ్ అనుకున్నది తప్పే. అయినా చేతికి దొరికింది మాత్రం మందే.

ముందు తాను మింగి చూసుకున్నాడు. తర్వాత మేనియా ఉన్న పదిమందికి ఇచ్చి, 1949లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్ళలో మొదటి మనిషి వయసు 51. ఐదేళ్ళుగా మేనియా దిగని మనిషి, కొన్ని నెలల్లో ఇంటికెళ్ళి పాత ఉద్యోగంలో చేరాడు. బాగున్నాను కదా అని మాత్రలు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి 1950లో లిథియం ఒంట్లో ఎక్కువైపోయే చనిపోయాడు. ఈ మందు చేసే మేలు, మానేస్తే వచ్చే కష్టం, కొలత తప్పితే వచ్చే ప్రమాదం, మూడూ ఆ ఒక్క మనిషి జీవితంలోనే కనిపించాయి.

అదే 1949లో అమెరికాలో గుండె జబ్బువాళ్ళకు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. కొందరు చనిపోయారు. ఆ భయం పోవడానికి చాలా కాలం పట్టింది. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ అనే డాక్టరు 1954లోనే పద్ధతిగా పరీక్షించి పనిచేస్తుందని చూపినా, అమెరికా అనుమతి ఇచ్చింది 1970లో.

ఇప్పుడు తమ్ముడి కథకొద్దాం. మూత్రపిండాలకు సోడియం, లిథియం ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే అన్నను బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి. ఆ లాగడంలో తమ్ముడూ వచ్చేస్తాడు. మీరు వేసుకునే మాత్ర అదే, నెత్తురులో మందు మాత్రం పెరిగిపోతుంది. రివర్సులోనూ జరుగుతుంది. కొత్తావకాయ జాడీ తెరిచి నాలుగు పూటలా లాగిస్తే ఉప్పుతోపాటు లిథియం కూడా బయటికి పోతుంది, మందు చాలకుండా పోవచ్చు. ఆవకాయ మానమనడం లేదు. ఉప్పు రోజూ ఒకేలా ఉండాలంటున్నాను, అంతే.

నా దగ్గరికి ఒక మాస్టారు వచ్చేవారు. లిథియం మీద ఏడేళ్ళు నిక్షేపంగా ఉన్నారు. ఒక ఎండాకాలం బీపీ వచ్చిందని వేరే డాక్టరు ఉప్పు తగ్గించమని చెప్పి, మూత్రం ఎక్కువ పోయే మాత్ర రాశారు. ఆ వారంలోనే మాస్టారు అలిపిరి మెట్లెక్కి కొండకెళ్ళొచ్చారు. మోకాళ్ళు పట్టేస్తే మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని రోజూ వేసుకున్నారు. నాలుగో రోజుకు చేతులు వణుకు, నడకలో తూలుడు, మాట ముద్దముద్ద. వీధిలోవాళ్ళేమన్నారో తెలుసా? "మాస్టారు ముసలితనంలో మందు మొదలెట్టారు" అని. ఆ మాటకు సిగ్గుపడి ఇంట్లోవాళ్ళు రెండు రోజులు తలుపులు వేసుకున్నారు. నా దగ్గరికి తెచ్చేసరికి నెత్తురులో లిథియం 2.4 ఉంది. 0.6 నుంచి 1.0 మధ్య ఉండాల్సింది. 1.5 దాటిందంటే ప్రమాదమే. ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించాక కోలుకున్నారు. ఇందులో తప్పు ముందు నాది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నొప్పి మాత్రల సంగతి వాళ్ళావిడకు చెప్పలేదు నేను.

అందుకని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఒళ్ళు నొప్పులకు, జ్వరానికి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వద్దు, అవి కూడా లిథియంను సరిగా బయటికి పోనివ్వవు. పారాసెటమాల్ చాలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేస్తానంటే లిథియం వాడుతున్నామని ముందే చెప్పండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ పూట మాత్ర ఆపి వెంటనే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. ఏకాదశి అయినా రోజా అయినా, ఉపవాసానికి ముందే అడగండి. పిల్లల్ని కనాలనుకుంటున్న ఆడవాళ్ళూ అంతే, నెల తప్పాక కాదు, ముందే.

రక్తపరీక్షలో ఒక చిన్న మెలిక ఉంది. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు నెత్తురు ఇవ్వాలి, పొద్దున మాత్ర పరీక్షయ్యాకే. ఇంకో సంగతి మీకు నవ్వొస్తుంది. ల్యాబులో ఆకుపచ్చ మూత గొట్టాలుంటాయి. నెత్తురు గడ్డకట్టకుండా వాటిలో ఉండేది చాలాసార్లు లిథియం హెపారిన్. అందులో పడితే లేని లిథియం కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ల్యాబు అబ్బాయికి ఏ పరీక్షో నోటితో చెప్పండి, చీటీ చదువుతాడని ఊరుకోకండి. ఆర్నెల్లకోసారి థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి.

"అలవాటైపోతుందేమో" అని అడుగుతారు. మత్తుమందులా కావాలనిపించే మందు కాదిది. దాహం వేస్తుంది, చెయ్యి కాస్త వణకొచ్చు, కొందరు లావవుతారు. వాటికి ఉపాయాలున్నాయి. కానీ ఒక్కసారిగా ఆపేస్తే మేనియా తిరగబెట్టొచ్చు. ఆత్మహత్యల ప్రమాదాన్ని తగ్గించే విషయంలో ఇంత గట్టి రుజువున్న మందులు మా దగ్గర చాలా తక్కువ. ఇంత చవకైన మాత్రను కంపెనీలు పెద్దగా ప్రచారం చేయవు, అందుకే మీరు దీని పేరు తక్కువ విని ఉంటారు.

మాస్టారు ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తారు. ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే లిథియం అంకె రాసుకుంటారట. మొన్న 0.7. మోకాళ్ళు మాత్రం ఇంకా నొప్పేనట.

వెనక వరుసలో అమ్మ ఇందాకటి నుంచి మాత్రల కవరు పట్టుకుని నిలబడ్డారు. మైకు ముందు ఆవిడకివ్వండి.